బ్లాక్‌కరెంట్ మాత్రలు మూడు వారాలు వాడాను, తేడా ఏమీ లేదు. డోసు పెంచాలా, మానేయాలా?

ఎదురుగాలి
ఇంకో నాలుగు నెలల్లో 300 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) ఉంది. పోయిన సీజన్‌లో 200 పూర్తి చేశాను, 12 గంటల 10 నిమిషాలు పట్టింది. గడువు 13 గంటల 30 నిమిషాలు కాబట్టి లెక్కకి పాసయ్యాను గానీ ఆఖరి 60 కిలోమీటర్లు ఎలా తొక్కానో నాకే తెలియదు. 140 దాటాక కాళ్ళలో ఏమీ మిగల్లేదు, చదును రోడ్డు మీద కూడా 17, 18 మించి వేగం రాలేదు.

మా గుంపులో ఒకాయన బ్లాక్‌కరెంట్ అనే ముదురు రంగు చిన్న పండు ఎక్స్‌ట్రాక్ట్ (సారం) మాత్రలు వాడమన్నాడు. కొవ్వు కరగడం 27 శాతం పెరుగుతుందని, లాంగ్ రైడ్లకి ఇంతకు మించింది లేదని గట్టిగా చెప్పాడు. రోజుకి 300 మిల్లీగ్రాములది ఒకటి చొప్పున మూడు వారాలుగా వేసుకుంటున్నాను. ఆదివారం రైడ్‌లో సగటు వేగం అదే, హార్ట్ రేట్ అదే, ఆఖర్లో నీరసం కూడా అదే. నాకు 46 ఏళ్ళు, పవర్ మీటర్ (తొక్కే బలాన్ని కొలిచే పరికరం) లేదు.

డోసు రెట్టింపు చేయాలా? ఇంకా ఎక్కువ రోజులు వాడితేగానీ పనిచేయదా? లేక నన్ను ఎవరో బాగా మోసం చేశారా?

మూడోసీసా
నేనూ ఒక డబ్బా మొత్తం వాడాను. పేరులో కరెంట్ ఉంది గానీ కాళ్ళలోకి రాలేదు.

పెడల్_పద్మ
ఎదురుగాలి గారూ, రైడ్‌లో గంటకి ఏం తింటున్నారు? మాత్రల సంగతి తర్వాత చూద్దాం.

చైన్‌నూనె
మానేయండి. ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కుంటే వేగం ఎంత పెరిగిందో కంటికి కనిపిస్తుంది.

ల్యాబ్‌కోటు
ఆ 27 శాతం ఎవరో ఊరికే అల్లిన సంఖ్య కాదు, అయితే దాన్ని ఎలా చదవాలో మీకు ఎవరూ చెప్పినట్టు లేరు. ఇంగ్లాండ్‌లోని చిచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో ప్రచురించిన అధ్యయనం అది. అలవాటున్న సైక్లిస్టులు 14 మందికి న్యూజిలాండ్ బ్లాక్‌కరెంట్ ఎక్స్‌ట్రాక్ట్ రోజుకి 300 మిల్లీగ్రాములు 7 రోజులు ఇచ్చారు, అందులో పండుకి ముదురు రంగునిచ్చే ఆంథోసయనిన్లు 105 మిల్లీగ్రాములు. అదే మనుషులకి మరో విడతలో ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఏ విడతలో ఏది వేసుకున్నారో తొక్కేవాళ్ళకి తెలియదు. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగంలో 65 శాతం దగ్గర, అంటే మధ్యస్థంగా కష్టపడి తొక్కుతున్నప్పుడు కొవ్వు ఖర్చవడం 27 శాతం పెరిగింది. ఆ తర్వాత 16.1 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ (ఒక్కరే వీలైనంత వేగంగా తొక్కే పరీక్ష) పెడితే సగటున 1722 సెకన్లు పట్టేది 1678కి తగ్గింది, అంటే దాదాపు రెండున్నర శాతం.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. పరీక్ష పెట్టిన టైమ్ ట్రయల్ అరగంటది, మీరు తొక్కేది పన్నెండు గంటలు. 27 శాతం అన్నది దేంట్లో 27 శాతం అనేది రెండోది. ఉదాహరణకి మీరు నిమిషానికి 0.3 గ్రాముల కొవ్వు ఖర్చు చేస్తున్నారనుకుందాం. గంటకి 18 గ్రాములు. దాంట్లో 27 శాతం అంటే దాదాపు 5 గ్రాములు, కేలరీల్లో 45. అంతే శక్తిని కార్బ్స్‌లో (పిండి, చక్కెర పదార్థాల్లో) చెప్పాలంటే గంటకి 11 గ్రాములు.

మూడోసీసా
11 గ్రాములంటే అరటిపండులో సగం కూడా కాదు కదా!

ల్యాబ్‌కోటు
అవును, మామూలు సైజు పండులో 25 గ్రాముల పైనే ఉంటాయి. అలాగని పనికిరాదని కొట్టిపారేయను. గంటకి 11 గ్రాముల గ్లైకోజన్ (ఒంట్లో నిలవ ఉండే చక్కెర) మిగిలితే పది గంటల్లో అది చిన్న సంగతేమీ కాదు. కాకపోతే పది గంటలు తొక్కించి ఎవరూ చూడలేదు. ఎక్కువసేపు తొక్కించినవి రెండు గంటలవే.

పెడల్_పద్మ
ఆ రెండు గంటల వాటిలో ఆడవాళ్ళతో చేసినది కూడా ఉంది, 2018లో వచ్చింది. రోజుకి 600 చొప్పున 7 రోజులు ఇచ్చారు, వాళ్ళలోనూ కొవ్వు ఖర్చవడం పెరిగింది. మన మీద చేసే అధ్యయనాలే తక్కువ కాబట్టి నాకు బాగా గుర్తుంది. నేను 600 వాడి చూశాను. నాకు తేడా తెలిసిందని గానీ తెలియలేదని గానీ గట్టిగా చెప్పలేను, ఎందుకంటే అదే నెలలో నిద్ర సరిచేసుకున్నాను, కొత్త షూ కొన్నాను.

ఎదురుగాలి గారూ, నా ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు.

ఎదురుగాలి
అయితే 600 వేసుకోవచ్చా? ఆ వివరం కావాలి.

ల్యాబ్‌కోటు
డోసు గురించి 2017లో చూశారు. 300, 600, 900 ఇచ్చి రెండు గంటలు తొక్కించారు. 600కి కొవ్వు ఖర్చు 21.5 శాతం పెరిగింది, 900కి 24.1. చూశారుగా, మాత్రలు ఒకటిన్నర రెట్లు అయితే ఫలితం రెండున్నర శాతం పెరిగింది. పైగా అందులో ఎవరు ముందు గమ్యం చేరారన్నది కొలవలేదు, శరీరంలో ఏ ఇంధనం ఎంత ఖర్చయిందన్నదే కొలిచారు. కొవ్వు ఎక్కువ ఖర్చవడం, వేగంగా తొక్కడం రెండూ ఒకటి కాదు. ఈ తేడా మర్చిపోతేనే డబ్బా మీది రాతలు అంత గొప్పగా కనిపిస్తాయి.

చైన్‌నూనె
ల్యాబ్‌కోటు గారి మీద గౌరవం ఉంది గానీ ఈ విషయంలో ఆయన మరీ మెతకగా మాట్లాడుతున్నారు. 14 మంది. అంతమందిలో ఇద్దరికి ఆ రోజు బాగా నిద్రపట్టి ఉంటే చాలు, సగటు మారిపోతుంది. ఇలాంటి అధ్యయనాలకి చాలాసార్లు మాత్రలు తయారుచేసేవాళ్ళే ఉచితంగా ఇస్తారు. ఫలితం బాగుంటే ప్రచురిస్తారు, లేకపోతే అది ఎవరి సొరుగులోనో ఉండిపోతుంది. ఈ 16 కిలోమీటర్ల కథ చెప్పేవాళ్ళు 4 కిలోమీటర్ల కథ ఎందుకు చెప్పరు? 2017లో 4 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ వెంటవెంటనే రెండుసార్లు పెట్టారు. విడివిడిగా చూస్తే దేంట్లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, రెండూ కలిపి కూడితే ఒక శాతం లోపు. ఆ ఒక శాతం నాకు ఎదురుగాలిలో వంగి కూర్చుంటే వస్తుంది.

ల్యాబ్‌కోటు
మాత్రలు ఎవరిచ్చారో చూడాలన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఒక్క అధ్యయనం మీద నిలబడిన మాట కాదిది. బ్లాక్‌కరెంట్ పరీక్షలన్నీ కలిపి 2020లో ఒక మెటా విశ్లేషణ వచ్చింది, చిన్నదే అయినా లాభం ఉందని తేల్చింది. "చిన్నది" అన్న మాట దగ్గర ఆగుదాం. మీరు సున్నా అంటున్నారు, డబ్బా అమ్మేవాళ్ళు అద్భుతం అంటున్నారు, రెండూ అందులో లేవు.

కొండదారి
నేను బ్లాక్‌కరెంట్ వాడలేదు, పుల్ల చెర్రీ సంగతి చెప్తాను. మాంట్‌మొరెన్సీ అనే రకం, చిక్కటి రసం. మూడేళ్ళుగా వరసగా మూడు నాలుగు రోజులు తొక్కే రైడ్లకి మాత్రమే వాడుతున్నాను. ఐదు రోజుల ముందు మొదలుపెట్టి పొద్దున 30 మిల్లీలీటర్లు, సాయంత్రం 30 నీళ్ళలో కలుపుకుని తాగుతాను. వేగం పెరుగుతుందని కాదు. రెండో రోజు పొద్దున మెట్లు దిగుతుంటే తెలుస్తుంది. ముందైతే రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగేవాణ్ణి, ఇప్పుడు మామూలుగా దిగుతున్నాను.

అధ్యయనాలు కూడా ఎక్కువగా కోలుకోవడం గురించే ఉన్నాయి. 2010లో లండన్ మారథాన్ పరిగెత్తిన 20 మందితో చేశారు, చెర్రీ రసం తాగినవాళ్ళకి కండరాల బలం త్వరగా తిరిగొచ్చింది. 2014లో సైక్లిస్టులతోనే చేశారు. వరసగా మూడు రోజులు స్టేజ్ రేసులా తొక్కించి రక్తం పరీక్షిస్తే వాపు సూచికలు తక్కువగా ఉన్నాయి. ఒక్కరోజు 300కి దీని అవసరం ఏముంటుందో నాకు తెలియదు గానీ, 600 కిలోమీటర్లకి వెళ్ళేవాళ్ళు, 1200 కిలోమీటర్ల మీద ఆశ ఉన్నవాళ్ళు ఆలోచించాలి.

చైన్‌నూనె
మూడేళ్ళలో మీ శరీరం కూడా అలవాటు పడింది కదా అన్నా. మొదటి ఏడాది నేను కూడా మెట్లు పక్కకి తిరిగే దిగాను, ఏ రసం తాగకుండానే ఇప్పుడు సరిగ్గా దిగుతున్నాను.

కొండదారి
ఆ అనుమానం నాకూ వచ్చింది. అందుకే పోయినేడాది ఒక మూడు రోజుల రైడ్‌కి తాగకుండా వెళ్ళాను. మళ్ళీ రెయిలింగే గతి అయింది. ఒక్కసారి చూసినది రుజువు కాదంటావు, సరే. నా కాళ్ళకి మాత్రం చాలు.

నెమ్మది_నిదానం
ఒక చిన్న సంగతి. వృక్షశాస్త్రం ప్రకారం చెర్రీ బెర్రీ కాదు, టెంక ఉన్న పండు. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ కూడా కావు. బ్లాక్‌కరెంట్, బ్లూబెర్రీ నిజం బెర్రీలే. ఇక అరటిపండు అసలు సిసలు బెర్రీ! కాబట్టి మన జెర్సీ వెనక జేబులో ఎప్పటి నుంచో బెర్రీ సప్లిమెంట్ ఉంది.

మూడోసీసా
నెమ్మది గారు ఈ ఒక్క మాటతో చర్చ ముగించేశారు 😄

ఆఖరిమలుపు
కొండదారి అన్నా, చెర్రీతో వేగం కూడా పెరిగిందని ఎక్కడో చదివాను. 15 కిలోమీటర్లలో 4.6 శాతం అట. నిజమేనా? నాకు 19 ఏళ్ళు, రోడ్ రేసులు ఆడుతున్నాను. 4.6 అంటే నాకు మొదటి పదిమందిలో చోటు.

ల్యాబ్‌కోటు
ఆ అధ్యయనం నిజమే, 2019ది. ఏడు రోజులు మాత్రలు ఇచ్చి 15 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ పెట్టారు. తొక్కినవాళ్ళు 8 మంది. అంత తక్కువమందితో అంత పెద్ద లాభం కనిపిస్తే మళ్ళీ అలాగే వస్తుందని నమ్ముకోకూడదు. 2020లో చెర్రీ పరీక్షలు పదింటిని కలిపి చూస్తే అక్కడా చిన్న లాభమే తేలింది. నీ వయసులో ఏడాది పద్ధతిగా తొక్కితే ఇంతకు రెండింతలు వస్తుంది తమ్ముడూ.

టూల్‌కిట్
ఆఖరిమలుపు, నువ్వు రేసులు ఆడతావు కాబట్టి ఇది ముఖ్యం, పూర్తిగా చదువు. డోపింగ్ పరీక్షలో దొరికితే "డబ్బా మీద రాయలేదు" అన్న మాట చెల్లదు. ఒంట్లోకి ఏది ఎలా వెళ్ళినా బాధ్యత ఆటగాడిదే, నియమం అంత కఠినంగా ఉంటుంది. జర్మనీలో కొలోన్ డోపింగ్ పరీక్షశాల వాళ్ళు 13 దేశాల్లో మామూలుగా అమ్మే సప్లిమెంట్లు 634 తెచ్చి పరీక్షించారు, 2004లో ప్రచురించారు. 94 వాటిలో, అంటే 14.8 శాతంలో, లేబుల్ మీద లేని హార్మోన్ సంబంధిత పదార్థాలు దొరికాయి. అవేవీ హార్మోన్ మందులుగా అమ్మినవి కావు. ఒకే కార్ఖానాలో ఒకే యంత్రం మీద ముందు వేరే సరుకు చేసి, సరిగ్గా కడక్కుండా నీ పండ్ల పొడి నింపినా చాలు.

అందుకే ఇన్ఫార్మ్‌డ్ స్పోర్ట్ లేదా ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ గుర్తు (నిషేధిత పదార్థాల కోసం పరీక్షించారని చెప్పే ముద్ర) లేనిది ముట్టుకోకు. గుర్తు ఉంటే సరిపోదు, నీ డబ్బా మీద ఉన్న బ్యాచ్ నంబరు వాళ్ళ జాబితాలో ఉందో లేదో వెతుక్కో. నాతో పాటు తొక్కే ఒక కుర్రాడు ఇలాగే రెండేళ్ళు పోటీలకి దూరమయ్యాడు. వాడు ఏడ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. అందుకే ఇంత చెప్తున్నాను.

ఆఖరిమలుపు
థాంక్స్ అన్నా. నా దగ్గర ఉన్నదానికి ఏ గుర్తూ లేదు. మొన్న వారమే తెరిచాను, ఇక వాడను.

రాత్రిరైడర్
అందరూ లాభం ఎంత అని లెక్కపెడుతున్నారు, నష్టం గురించి ఎవరూ మాట్లాడరేం? యాంటీఆక్సిడెంట్లు ఎక్కువైతే ట్రైనింగ్ ఫలితమే దెబ్బతింటుంది. కష్టపడినప్పుడు పుట్టే ఆ ఆక్సిడేటివ్ ఒత్తిడే కండరానికి "ఇంకా బలపడు" అని చెప్పే కబురు. మాత్ర వేసి ఆ కబురు నోరు నొక్కేస్తే ఇక తొక్కి లాభమేంటి? నేను 1000, 1200 కిలోమీటర్ల రైడ్లు అన్నీ ఏ మాత్రా లేకుండానే పూర్తి చేశాను.

ల్యాబ్‌కోటు
మీరు చెప్పేది విటమిన్ మాత్రల విషయంలో వచ్చిన మాట. 2009లో రోజుకి 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ నాలుగు వారాలు ఇచ్చి వ్యాయామం చేయిస్తే, ఇన్సులిన్ పనితీరులో రావలసిన మెరుగు రాలేదు. 2014లో ఇంకో జట్టు 11 వారాలు ఇలాంటి డోసే ఇచ్చి చూస్తే కండర కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా సూచికలు మందగించాయి. కానీ అదే అధ్యయనంలో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం మాత్రం రెండు గుంపుల్లోనూ సమానంగానే పెరిగింది. పండ్లలోని ఆంథోసయనిన్లు పనిచేసే తీరు వేరు. అవి పేగుల్లోనే చాలావరకు విడిపోయి, అక్కడి బాక్టీరియా చేతిలో వేరే పదార్థాలుగా మారి రక్తంలోకి వెళ్తాయి. రక్తనాళాలు కాస్త వదులవడం, రక్తప్రవాహం పెరగడం వాటి వల్లే అనుకుంటున్నారు. సి, ఇ మాత్రల ఫలితాన్ని తెచ్చి వీటికి అంటగట్టడం సరికాదు.

రాత్రిరైడర్
వేరు అన్నారు సరే. నెలల తరబడి రోజూ వేసుకుంటే ఏమవుతుందో ఎవరైనా చూశారా? మీరు చెప్పినవన్నీ వారం రోజుల లెక్కలే కదా.

ల్యాబ్‌కోటు
ఆ మాట మాత్రం కాదనలేను. అందుకే ఏడాది పొడవునా వేసుకోమని నేనెవరికీ చెప్పను. రైడ్‌కి వారం ముందు మొదలుపెట్టి, రైడ్ అయ్యాక ఆపేయడం నా పద్ధతి. మామూలు రోజుల్లో పండ్లు తింటే చాలు.

సీట్‌పోస్ట్
నాకు బీపీ ఉంది, మాత్ర వాడుతున్నాను. రక్తనాళాలు వదులవుతాయన్నారు కదా, నేను ఇవి వేసుకోవచ్చా? ఇంకోటి, బ్లాక్‌కరెంట్ పొడి తాగిన మర్నాడు మలం నల్లగా వచ్చింది, చాలా టెన్షన్ పడ్డాను.

పెడల్_పద్మ
ముదురు రంగు పండ్లు ఎక్కువ తింటే రంగు మారుతుంది, ఐరన్ మాత్రలకీ అలాగే అవుతుంది. పొడి మానేశాక రెండు మూడు రోజుల్లో మామూలైపోవాలి. కాకపోతే, లేదా తారులా జిగటగా ఉన్నా, నీరసం, కడుపునొప్పి ఉన్నా వెంటనే డాక్టర్‌కి చూపించండి, లోపల రక్తస్రావం అయినా నల్లగానే వస్తుంది. బీపీ మాత్ర, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఏ ఎక్స్‌ట్రాక్టూ మొదలుపెట్టకూడదు, ఇక్కడ మాలాంటివాళ్ళని అడిగి అసలే వద్దు. వెళ్ళేటప్పుడు డబ్బా తీసుకెళ్ళండి, లేబుల్ చూపిస్తే వాళ్ళకి తేలిక.

ఎదురుగాలి గారూ, మూడోసారి అడుగుతున్నాను. గంటకి ఏం తింటున్నారు?

ఎదురుగాలి
క్షమించండి పద్మ గారూ, మాత్రల గోలలో పడిపోయాను. ఆ 200లో తిన్నది గుర్తున్నంత వరకు రాస్తున్నాను. అరటిపండ్లు నాలుగు, చిన్న బిస్కెట్ పాకెట్లు మూడు, రెండు చోట్ల ఆగి కాస్త భోజనం. సీసాల్లో నీళ్ళు, ఉప్పు బిళ్ళలు. రైడ్‌లో తీపి తాగితే కడుపులో తిప్పుతుందని పంచదార వేసుకోను.

పెడల్_పద్మ
ఆగి తిన్న భోజనం కూడా కలిపి వేస్తే మీకు గంటకి 25 గ్రాముల కార్బ్స్ వచ్చి ఉంటాయి, 30 దాటవు. 200 కిలోమీటర్లకి నాలుగైదు వేల కేలరీలు ఖర్చవుతాయి. కండరాల్లో, కాలేయంలో నిలవ ఉండే గ్లైకోజన్ మహా అయితే రెండు వేలకి వస్తుంది. 140 దగ్గర కాళ్ళు ఖాళీ అయ్యాయి అన్నారు చూడండి, ఖాళీ అయింది నిజంగానే. మీ వర్ణన మొదటి పోస్ట్‌లో చదివినప్పుడే నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే నా మొదటి 200 కూడా సరిగ్గా అక్కడే ఆగింది. రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను, శిక్షణ చాల్లేదని నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత చూస్తే నాకు శిక్షణ ఉంది, తిండి లేదు.

గంటకి 60 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోండి. అంతకు మించి 90 దాకా వెళ్ళాలంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ ఉండాలి, పేగుల్లో రెండింటికీ దారులు వేరు కాబట్టి ఇముడుతుంది. ఒక్క గ్లూకోజే అయితే 60 దగ్గరే ఆగిపోతుంది, మిగిలింది కడుపులో కూర్చుని తిప్పుతుంది. ఒక్కరోజులో 25 నుంచి 60కి దూకొద్దు. వారానికి పది చొప్పున పెంచండి, కడుపుకి కూడా ట్రైనింగ్ కావాలి.

చైన్‌నూనె
ఇదే ఇదే. ల్యాబ్‌కోటు గారి లెక్క ప్రకారం మాత్ర ఇచ్చేది గంటకి 11 గ్రాములు, అదీ పనిచేస్తే. ఇక్కడ 35 గ్రాములు తినకుండా వదిలేస్తున్నారు.

ల్యాబ్‌కోటు
ఆ లెక్క నేను వేసిందే గానీ ఈ ప్రశ్న నేను అడగలేదు. పద్మ గారు మొదటి రోజే అడిగారు.

కొండదారి
కడుపులో తిప్పడం గురించి ఒక మాట. చెర్రీ రసం వాడాలనుకునేవాళ్ళు రైడ్ మధ్యలో ఎక్కువ తాగకండి. అందులో సార్బిటాల్ ఉంటుంది, కొందరికి విరేచనాలవుతాయి. నాకు ఒకసారి అయింది, ఆ రోజు దారిలో ఎన్నిచోట్ల ఆగానో చెప్పను.

ఎదురుగాలి
తిండి ఈ వారమే మొదలుపెడతాను. కానీ డబ్బా సగం మిగిలింది, నా మీద పనిచేస్తుందో లేదో తేల్చుకోవాలని పట్టుదల వచ్చింది. ఎలా చూడాలో ఎవరైనా చెప్పండి. ఇంట్లో ట్రైనర్ (సైకిల్ బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) ఉంది.

ల్యాబ్‌కోటు
మీకు తెలియకుండా చేయాలి, అది మొదటి షరతు. 2006లో సైక్లిస్టులకి కెఫీన్ ఇస్తున్నామని చెప్పి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. మామూలు డోసు వేసుకున్నామని నమ్మినవాళ్ళకి పవర్ 1.3 శాతం పెరిగింది, పెద్ద డోసు అని నమ్మితే 3.1 శాతం పెరిగింది, ఉత్తుత్తిది వేసుకున్నామని అనుకుంటే 1.4 శాతం తగ్గింది. లోపల మందు లేనే లేదు. నమ్మకమే మూడు శాతం ఇస్తుంటే మీరు రెండు శాతం తేడాని కళ్ళు తెరిచి ఎలా కొలుస్తారు?

కాబట్టి ఖాళీ క్యాప్సూళ్ళు తెచ్చి ఇంట్లోవాళ్ళ చేత సగం వాటిలో పొడి, సగం వాటిలో మొక్కజొన్న పిండి నింపించండి. ముదురు రంగువే తీసుకోండి, లోపలిది కనిపించకూడదు. ఏ, బి అని రెండు సీసాలు. ఏది ఏదో మీకు చెప్పకూడదు. వారం వేసుకుని ఏడో రోజు ట్రైనర్ మీద 16 కిలోమీటర్లు, రెండు వారాలు విరామం, మళ్ళీ వారం. ఒక్కోటీ రెండుసార్లు. అదే సమయం, అదే గేరు, టైరులో అదే గాలి, అదే ఫ్యాన్, ముందు రోజు అదే తిండి. అలవాటున్నవాళ్ళకే రోజుకీ రోజుకీ ఒకటి రెండు శాతం తేడా వస్తుంది, మనలాంటివాళ్ళకి ఇంకా ఎక్కువ.

నెమ్మది_నిదానం
మా ఆవిడకి ఈ పని అప్పగిస్తే రెండు సీసాల్లోనూ పిండే నింపి నవ్వుకుంటుంది.

ఎదురుగాలి
పది వారాలైంది, ఫలితం రాస్తున్నాను. మా అమ్మాయి నింపింది, కాగితం మీద రాసి కవర్లో పెట్టి అంటించింది. నాలుగు పరీక్షలు వరసగా:

మొదటిసారి ఏ, 31 నిమిషాల 42 సెకన్లు. రెండోసారి బి, 31:31. మూడోసారి ఏ, 31:20. నాలుగోసారి బి, 31:05.

ఏ సగటు 31:31, బి సగటు 31:18. కవరు తెరిస్తే బి బ్లాక్‌కరెంట్! 13 సెకన్లు. నిజం చెప్తున్నాను, చాలా సంతోషమేసింది. పనిచేసిందన్నమాటే కదా?

కొండదారి
శభాష్! ఇంత ఓపిక ఇక్కడ ఇంకెవరికీ లేదు.

ల్యాబ్‌కోటు
ఓపికకి దండం పెట్టాలి. కానీ నాలుగు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ మాత్ర వేసుకున్నా ప్రతిసారీ ముందుసారి కంటే తగ్గుతూనే ఉంది, 11 సెకన్లు, 11, 15. మీరు ఆ పది వారాలూ తొక్కుతూ బలపడుతున్నారు, 16 కిలోమీటర్లని ఎలా పంచుకోవాలో నేర్చుకుంటున్నారు. ఏ, బి, ఏ, బి వరసలో బి ఎప్పుడూ తర్వాతే వస్తుంది కాబట్టి ఆ మెరుగంతా బి ఖాతాలో పడింది. తప్పు నాదే. ఏ, బి, బి, ఏ వరసలో చేయమని చెప్పాల్సింది, అప్పుడు క్రమంగా వచ్చే మెరుగు రెండింటికీ సమానంగా పడేది. నాకు తట్టలేదు.

చైన్‌నూనె
అంటే తేడా లేదు.

ల్యాబ్‌కోటు
అంటే ఈ పరీక్షలో తేలలేదు. ఉన్నా, ఎదురుగాలి గారు పది వారాల్లో తొక్కి సంపాదించుకున్న 37 సెకన్ల కంటే చిన్నది.

ఎదురుగాలి
కాసేపు బాధగా అనిపించింది గానీ మీరు చెప్పింది నిజమే, మా అమ్మాయి కూడా గ్రాఫ్ గీసి అదే చూపించింది.

ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయాను. మాత్రలు లేని విరామ వారాల్లో ఒక ఆదివారం అదే 200 రూట్ తొక్కాను. సీసాల్లో మాల్టోడెక్స్‌ట్రిన్ (ఒంట్లో గ్లూకోజ్‌గా మారే పొడి), ఫ్రక్టోజ్ కలుపుకున్నాను, గంటకి 60 నుంచి 65 గ్రాములు పడింది. అరగంటకోసారి వాచీలో అలారం పెట్టుకున్నాను, ఆకలి వేసినా వేయకపోయినా తాగాను. 10 గంటల 50 నిమిషాలు. ఆఖరి 60లో నన్ను దాటినవాళ్ళు ఎవరూ లేరు. ఒంటి గంట దాటాక ఒక్కసారి కడుపు బరువనిపించింది, అరగంట నీళ్ళు మాత్రమే తాగితే సర్దుకుంది. గాలి ఆ రోజు అనుకూలంగానే ఉంది, అదీ చెప్పాలి.

పెడల్_పద్మ
గంటా ఇరవై నిమిషాలు! గాలికి అందులో కొంత వాటా ఇచ్చినా మిగిలింది మీదే. కడుపు బరువనిపించినప్పుడు నీళ్ళు తాగి ఆగడం సరైన పని, చాలామంది భయపడి ఇక తినడమే మానేస్తారు.

కొండదారి
నేను మాత్రం చెర్రీ మానను, ముందే చెప్తున్నాను.

చైన్‌నూనె
మానొద్దులే అన్నా. వచ్చే నెల మూడు రోజుల రైడ్‌కి నేనూ వస్తున్నాను, నాకూ ఒక సీసా తీసుకురా. నేను ఒక్కసారి తాగి చూసి ఇక్కడే రాస్తాను, తేడా తెలిసినా తెలియకపోయినా.

ఎదురుగాలి
300కి ఇంకా ఆరు వారాలుంది. మాత్రలు 14 మిగిలాయి, రైడ్ ముందు వారం ఏడు వేసుకుంటాను, నష్టం లేదు కాబట్టి. నా భయం ఇప్పుడు వేరే. 300 గడువు 20 గంటలు, నాకు పదిహేడు పైనే పడుతుంది, రాత్రి తొక్కాలి. తీపి నీళ్ళు అన్ని గంటలు తాగగలనా? రాత్రి మీరందరూ ఏం తింటారు?

రాత్రిరైడర్
పదో గంట తర్వాత తీపి అంటే వెగటు పుడుతుంది, నాకు ప్రతిసారీ అంతే. అప్పటికి ఉప్పగా ఉండేది ఏదైనా దగ్గర పెట్టుకోండి. ఉడకబెట్టిన బంగాళదుంపలు ఉప్పు చల్లి చిన్న కవర్లో కట్టుకుంటాను, నమలక్కర్లేదు, కార్బ్స్ కార్బ్సే. చీకటి పడ్డాక చలికి దాహం తెలియదు, తాగడం మర్చిపోతారు, అలారం ఆపొద్దు. ముందు లైటుకి రెండో బ్యాటరీ, వెనక రెండు లైట్లు, ఒకటి ఆగిపోయినా ఇంకోటి ఉండాలి. ఆరు వారాల్లో ఒక్కసారైనా రాత్రి నాలుగు గంటలు తొక్కి చూడండి, వచ్చే శనివారం నేను వెళ్తున్నాను, తోడు కావాలంటే చెప్పండి.

ఎదురుగాలి
వస్తాను. దుంపలు నేను తెస్తాను.